మూడో నూకాలు

ఉద్యోగం నుంచి దిగిపోయిన దగ్గర్నుంచీ పొద్దున్నే న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే కాలనీ గుడి పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని, కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం నాకు అలవాటైపోయింది. నిన్న లోపలి పేజీలో చిన్న వార్త కనిపించింది, పక్కన ఒక ఓడ బొమ్మ. సముద్రతీరాన్ని కాపలా కాసే దళంవారు కొత్త గస్తీ ఓడను నీళ్ళలోకి దింపారట. దానికి పాత ఓడ పేరే పెట్టారట. ఆ పాత ఓడకి కూడా అంతకు ముందున్న ఇంకో ఓడ పేరే పెట్టారట, అంటే ఆ పేరుతో ఇది మూడోది. ఓడలు ముసలివై ముక్కలైపోయినా వాటి పేరు మాత్రం నీళ్ళ మీద తిరుగుతూనే ఉంటుందని ఎవరో అధికారి గర్వంగా చెప్పినట్టు రాశారు. నేను ఆ వాక్యం మూడుసార్లు చదివి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. టీ చల్లారిపోయింది.

పేర్లు రాయడమే నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ బెంగాలీ ఊరి రైల్వే వర్క్‌షాపులో రాత పెయింటరుగా పనిచేశాను. వ్యాగన్ల మీద అంకెలు, పెట్టెల మీద ఊళ్ళ పేర్లు, గోడల మీద జాగ్రత్త బోర్డులు, అన్నీ నిలబడి, చెయ్యి పైకెత్తి రాసినవే. ఆ కుడిభుజం ఇప్పుడు దువ్వెన ఎత్తడానికి కూడా మొరాయిస్తోంది. అన్ని వేల అక్షరాల్లో నాకు గుర్తున్నవి మాత్రం మూడే. ఆ మూడూ కలిపి ఒకే పేరు, దాన్ని నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి నిజంగా రాశాను. రెండోసారి సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

నా ఈడు వాళ్ళకి వర్క్‌షాపు లోపలి ఇంజను గుర్తుండే ఉంటుంది. పెద్ద లైను మీద తిరిగే ఇంజన్లు వేరు, వాటి దర్జా వేరు. ఇది పొట్టిది, రెండు పక్కలా నీళ్ళ ట్యాంకులు వేలాడేసుకుని, ప్రహరీ గోడ దాటి ఏనాడూ బయటికి వెళ్ళకుండా, రిపేరు వ్యాగన్లనీ పెట్టెల్నీ ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి తోసుకుంటూ బతికేది. రైల్వేవాళ్ళు దానికి ఒక నంబరిచ్చి ఊరుకున్నారు. మనవాళ్ళు ఊరుకోలేదు. అనకాపల్లి వైపు నుంచీ విజయనగరం వైపు నుంచీ ఇక్కడికి పనికొచ్చిన మొదటి తరం వాళ్ళు, ఊరు వదిలొచ్చిన దిగులు కొద్దీ కాబోలు, దానికి తమ ఊరి అమ్మవారి పేరు పెట్టి నూకాలు అని పిలిచారు. అప్పటి దొరకి ఏం చెప్పి ఒప్పించారో తెలియదు కాని, నల్లటి ట్యాంకు మీద పసుపుపచ్చ రంగుతో, తెలుగులో, జానెడు అక్షరాలతో ఆ పేరు పడింది. బెంగాలీ మేస్త్రీలు దాన్ని నూకా దీదీ అనేవారు. పనిముట్లకీ యంత్రాలకీ పూజ చేసే విశ్వకర్మ పూజనాడు మొదటి దండ దానికే పడేది, ఆ విషయంలో ఏ షాపువాళ్ళూ తగువు పెట్టుకునేవారు కాదు.

మా వైపు ఇళ్ళల్లో రెండిళ్ళకొక నూకాలు ఉండేది కనక దీనితో చిక్కులు కూడా వచ్చేవి. మా అమ్మ పేరు నూకాలమ్మ. అత్తగారి పేరు నోటితో పలకకూడదని మా ఆవిడ ఆ ఇంజన్ని బతికినంతకాలమూ అత్తగారి ఇంజను అనే అంది. అత్తగారి ఇంజను ఇవాళ కూత బాగా పెడుతోంది, అత్తగారి ఇంజనుకి పొగ ఎక్కువైంది అని ఆవిడ అంటుంటే మా అమ్మ వినీ విననట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకునేది.

ఈ పేరుకి ఒక పద్ధతి ఉండేది. అది మా మేనమామ పెట్టిన పద్ధతి. ఆయన నాకు ముందు అక్కడ రాత పెయింటరు, తరవాత నాకు మావగారయ్యాడు. మొదటి నూకాలు మీద పేరు ఆయన చేతి రాతే. ఇంజనుకి ఆయుష్షు తీరి, ముక్కలు కొయ్యడానికి పంపించే ముందు, పేరు రాసిన మనిషే వెళ్ళి, లప్పం పట్టే రేకుతో ఆ అక్షరాల మీది రంగు పెచ్చులు కొన్ని గీకి చేతిలోకి తీసుకోవాలి. వాటిని నూరి కొత్త రంగు డబ్బాలో కలిపి, ఆ రంగుతోనే కొత్త ఇంజను మీద పేరు రాయాలి. పెచ్చు తీసేదాకా గ్యాసు కటింగువాడు మంట వెలిగించకూడదు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, అయినా షాపులో అందరూ దానికి ఒప్పుకున్నారు. నేను పనిలో చేరిన కొత్తలో, యాభైల్లో, మొదటి నూకాలు కోతకి వెళ్ళింది. మావ పెచ్చులు తీసి, డబ్బాలో కలిపి, చెయ్యి వణుకుతోందని కుంచె నాకు అందించాడు. రెండో నూకాలు మీద మూడు అక్షరాలూ నేను రాస్తుంటే ఆయన వెనక నిలబడి ఒక్క మాట అన్నాడు.

"ఇకనుంచి ఇది నీ సేతిదిరా అల్లుడూ. ఇది పోయిన్నాడు నువ్వే పెచ్చు తియ్యాల. ఒకరికి సెప్పీసి కూకుంటే కాదు."

ఆ రెండో నూకాలుకి డ్రైవరు మా బావ, మా పెద్దక్క భర్త. బావ ఒకప్పుడు పెద్ద లైను మీద బొగ్గేసినవాడే, ఇవాళో రేపో డ్రైవరవుతాడనగా కళ్ళ పరీక్షలో తప్పాడు. దూరం సిగ్నలు రంగు ఆయనకి ఆనలేదు. అలాంటివాళ్ళని లైను మీదికి పంపరు. ఏ స్టోర్సులోనో కూర్చోబెట్టేవాళ్ళే, కాని షాపు లోపలి ఇంజనుకి మనిషి కావలసి వచ్చి బావని పెట్టారు. గోడ లోపల నడిపే ఇంజనుకి డ్రైవరంటే లైను వాళ్ళకి వేళాకోళం. ఇవాళ ఎంత దూరం పోయినావు, కటకా, టాటానగరా అని అడిగేవారు. బావ నవ్వేసేవాడు కాని, ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడని అక్క చెప్పేది. అయితే షాపు లోపల ఆయన సంగతి వేరు. నూకాలు డ్రైవరంటే పొద్దున్నే దండం పెట్టేవాళ్ళుండేవారు, కొత్తగా చేరినవాళ్ళు ముందు ఇంజనుకీ తరవాత ఆయనకీ నమస్కారం చేసేవారు. లైను నన్నొద్దంటే ఈవిడ రమ్మంది అని బావ ఒకటి రెండుసార్లు నాతో అన్నాడు. అక్క దాన్ని సవితి అని ఆటపట్టించేది. ఏడాదికొకసారి విశ్వకర్మ పూజనాడు ఇంట్లో ఆడవాళ్ళని షాపులోకి రానిచ్చినప్పుడు మాత్రం ఆ సవితికి పసుపూ కుంకుమా పెట్టి, అక్షరాలు చేత్తో తడిమి కళ్ళకద్దుకునేది.

అలా పదిహేనేళ్ళు దాటిపోయాయి. డెబ్భైల్లో ఆవిరి ఇంజన్లకి రోజులు దగ్గరపడుతున్నాయని అందరికీ తెలిసిపోయింది. రెండో నూకాలు బాయిలరు ఇక బాగుచెయ్యడం దండగని రాసేశారు. దాని బదులు చిన్న డీజిలు వచ్చింది. బావకి రిటైరుమెంటు నాలుగు నెలల్లో ఉంది. వేరే ఎవరైనా అయితే ఆ నాలుగు నెలలూ సెలవు పెట్టి ఇంట్లో పడుకునేవారు. బావకి అలా దిగిపోవడం ఇష్టం లేదు, అలాగని ఆ డీజిలంటే ధైర్యమూ లేదు. నేర్పించడానికి కూర్చోబెట్టినప్పుడల్లా, మంట కనిపించదు, ఆవిరి వినిపించదు, ఇది బతికుందో లేదో ఎలా తెలుస్తుందని అడిగేవాడు. చివరికి ఒకరోజు నా దగ్గరికొచ్చి తేల్చి చెప్పేశాడు.

"నువ్వు పేరు తెచ్చి దీనిమీద పెట్టరా. అప్పుడు నాకు తెలిసిన మనిషే అవతాది. నాలుగు నెల్లూ నడిపీసి మర్యాదగా దిగిపోతాను. పేరు రాకపోతే మాత్రం నేనెక్కను."

అలాగే బావా అన్నాను. విశ్వకర్మ పూజనాడు పొద్దున పేరు రాసి, అక్క చేత కుంకుమ పెట్టించి, బావ చేత ఎక్కించాలని అనుకున్నాం. దానికి ముందు గురువారం పాతదాన్ని కోస్తారని చీటీ వచ్చింది. బుధవారం వెళ్ళి పెచ్చు తీద్దామని నేను లెక్క వేసుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం మా ఫోర్మన్ గారు నా దగ్గరికి నడిచొచ్చి, పూజ పందిరికి చోటు కావాలంటున్నారు, కోత రేపు పొద్దునే పెట్టేశారు, నీ పనేదో ఇవాళే చూసుకో అన్నారు. చెప్పాడు కాదు, చెప్పారు అనే అంటాను, పెద్దమనిషి, మా పద్ధతికి అంత విలువిచ్చి పని మానుకుని వచ్చారు. భాద్రపదం ఉక్క. నేను పొద్దున్నుంచీ వ్యాగన్ల వరస మీద అంకెలు వేస్తున్నాను. భుజం పైకి లేవడం లేదు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది, నూకాలుని నిలబెట్టిన పట్టాలు అక్కడికి మూడు షెడ్ల అవతల ఉన్నాయి. వెళ్ళడానికీ గీకడానికీ రావడానికీ కలిపి అరగంట పని. సరేనండీ అన్నాను. వరస పూర్తయ్యాక వెళదామనుకున్నాను. పూర్తయ్యేసరికి సైరను కూసింది, జనం గేటు వైపు పోతున్నారు. పొద్దున్నే హాజరు టోకెను వేసి నేరుగా అటే పోతే సరిపోతుంది, కటింగువాడికి పద్ధతి తెలుసు కదా, నా కోసం ఆగుతాడు అని నాకు నేనే చెప్పుకుని సైకిలెక్కి ఇంటికొచ్చేశాను. వచ్చి తిని పడుకున్నాను. ఎవరో ఆపితే ఆగిపోలేదు, ఎవరి మీదా కోపం కాదు, మరిచిపోనూ లేదు. అలిసిపోయాను. అంతే.

మర్నాడు నేను వెళ్ళేసరికి కోత సగమైపోయింది. పాత కటింగువాడు పూజ పందిరి పని మీద ఉన్నాడట, ఆ స్థానంలో వచ్చినవాడు కొత్తవాడు. అతనికి ఏ పద్ధతీ తెలియదు, తెలియజేసినవాడూ లేడు. రెండు పక్కల ట్యాంకులూ తెల్లారుతూనే కోసి, ముక్కలు తుక్కు వ్యాగన్లలో వేసేశారు. ఆ వ్యాగన్లని అప్పుడే నిమ్‌పురా యార్డుకి లాగేశారు.

సగం రోజు సెలవు రాసి సైకిలు మీద నిమ్‌పురా వెళ్ళాను. అక్కడ వరసలు వరసలుగా వ్యాగన్లు. ఏది మనదో అడిగితే యార్డువాళ్ళు నవ్వారు. ఒక్కొక్కటీ ఎక్కి చూశాను. కోసిన ఇనుము అంచులు కత్తుల్లా ఉంటాయి, రెండు చేతులూ గీరుకుపోయాయి. ఎనిమిదో తొమ్మిదో వ్యాగన్లు చూశాక వాన మొదలైంది. నల్ల రేకులు చాలా కనిపించాయి, పసుపు రంగు గీత ఒక్కటీ కనిపించలేదు. ఇంకా పదిహేను వ్యాగన్లు మిగిలుండగా ఒక వరసని ఇంజను లాక్కుపోయింది. నేను పట్టాల పక్కన తడుస్తూ నిలబడి, నాకు నలభై ఏళ్ళు దాటాయన్నది కూడా మరిచిపోయి ఏడ్చాను. మిగిలిన వరసలు చూడకుండానే వెనక్కి వచ్చేశాను. ఆ మిగిలినవాటిలో ఉందేమో అన్న అనుమానం ఇప్పటికీ తీరలేదు.

బావకి చెప్పేద్దామనే అనుకున్నాను. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళితే ఆయన గుమ్మంలో కూర్చుని, పూజనాడు వేసుకోవడానికని ఖాకీ చొక్కా ఇత్తడి గుండీలకి చింతపండు రాస్తున్నాడు. అక్క లోపల్నుంచి పెచ్చు తీసినావా తమ్ముడూ అని అడిగింది. తీసినానక్కా అన్నాను. నోటి నుంచి మాట వచ్చేసింది, దాన్ని మళ్ళీ లోపలికి తీసుకునే ఓపిక నాకు లేకపోయింది.

మా పెయింటు షాపులో ఒక తోపుడు బండి ఉండేది, రంగు డబ్బాలు మోసుకెళ్ళేది. దానికెప్పుడో పసుపుపచ్చ రంగు వేసి ఉన్నారు. పూజ ముందురోజు ఎవరూ లేని సమయం చూసి దాని పక్కరేకు మీద నుంచి పెచ్చులు గీకి కాగితంలో పొట్లం కట్టుకున్నాను. మర్నాడు పొద్దున అందరి ముందూ పొట్లం విప్పి, నూరి, డబ్బాలో కలిపాను. కొబ్బరికాయ కొట్టారు. అక్క కొత్త చీర కట్టుకొచ్చింది. మావ అప్పటికి మంచం పట్టి ఇంట్లో ఉన్నాడు, అది నా అదృష్టమని ఆ రోజు అనుకున్నాను, ఆ ఆలోచన వచ్చినందుకు తరవాత సిగ్గుపడ్డాను. కుంచె పెట్టి మూడు అక్షరాలూ రాశాను. నా జన్మలో అంత చక్కగా ఎన్నడూ రాయలేదు. చెయ్యి కొంచెమైనా వణకలేదు, వణికుంటే బాగుండేది.

బావ దగ్గరగా వచ్చి, కళ్ళు చికిలించుకుని, తడి అక్షరాలని చాలాసేపు చూశాడు. తరవాత చెప్పులు విడిచి, దండం పెట్టి, మెట్టెక్కాడు. డీజిలు కూత పెట్టింది, ఆవిరి కూతలా లేదు అది, అయినా జనం చప్పట్లు కొట్టారు. బావ దాన్ని మెల్లగా మొదటి షెడ్డు దాకా నడిపి వెనక్కి తెచ్చాడు. దిగాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాటి మీద గీరుళ్ళు చూసి ఇవేటిరా అని అడిగాడు. రేకు తగిలింది బావా అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

బావ దగ్గర అన్నేళ్ళూ బొగ్గేసిన బెంగాలీ దాదా ఒకాయన ఉండేవాడు. ఆయనొక్కడే తోపుడు బండి మీద కొత్తగా పడిన తెల్లటి గీకుడు చూసినట్టున్నాడు. మధ్యాహ్నం ఖిచిడీ వడ్డించే వరసలో నా వెనక నిలబడి, ఎటో చూస్తూ, నెమ్మదిగా అన్నాడు. "రంగ్ జో భీ హో భాయ్, హాత్ తో ఓహీ హై." రంగు ఏదైతేనేం, రాసిన చెయ్యి అదే కదా అని ఆయన ఉద్దేశం. నన్ను ఓదార్చడానికే అన్నాడు. కాని ఆ చేతి మీదే కదా నా ఫిర్యాదంతా.

బావ ఆ నాలుగు నెలలూ ఒక్కరోజు నాగా లేకుండా నడిపాడు. ఒక వ్యాగను పట్టాలు దిగలేదు, ఒకరి వేలు నలగలేదు. చివరి రోజు దండలు వేసి, మేళంతో గేటు దాకా తీసుకొచ్చారు, లైను డ్రైవర్లు కూడా వచ్చి చేతులు కలిపారు. ఆయన అనుకున్నట్టు మర్యాదగానే దిగిపోయాడు. ఆ తరవాత పన్నెండేళ్ళు బతికాడు, ఆ పన్నెండేళ్ళూ పేరు తెచ్చిచ్చినవాడినని నన్ను కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఏదైనా కీడు జరిగుంటే నా తప్పుకి శిక్ష పడిందనుకుని ఏడ్చి ఊరుకునేవాణ్ణేమో. ఏమీ జరగలేదు. తోపుడు బండి పెచ్చులతో రాసిన పేరు కూడా అసలు పేరులాగే పనిచేసింది. నాకది మింగుడు పడలేదు. మా మావ పద్ధతికి అర్థమే లేదా, లేక ఉండి కూడా అమ్మవారు నన్ను చూసీ చూడనట్టు వదిలేసిందా, ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, ఇప్పుడిక ఆలోచించడానికి కూడా ఓపిక తగ్గిపోయింది.

మూడో నూకాలు ఆయుష్షు తీరేసరికి నేను రిటైరై చాలా ఏళ్ళయింది. షాపువాళ్ళు గుర్తుపెట్టుకుని ఇంటికి మనిషిని పంపారు. ఆ రోజు మాత్రం అన్నం తింటున్నవాణ్ణి చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళాను. పెచ్చులు తీశాను. కాని నాలుగో ఇంజను మీద పేరు రాయనివ్వలేదు, నంబరు తప్ప ఇంకేమీ ఉండకూడదన్నారు. ఆ నంబరు కూడా ఎవరూ రాయలేదు, మిషను మీద కత్తిరించిన స్టిక్కరు తెచ్చి అతికించారు. కుర్రాళ్ళు దాన్ని ఎంత తొందరగా అతికించారో చూశాను. పాతబడితే ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఊడి వస్తుందట, కింద మచ్చ కూడా ఉండదట. మంచిదే, ఎవరి భుజమూ నొప్పి పుట్టదు.

ఆ పెచ్చులు ఒక జర్దా డబ్బాలో వేసి ఉంచాను. ఏటా విశ్వకర్మ పూజనాడు ఆ డబ్బా పట్టుకుని అక్క ఇంటికి వెళతాను. అక్కకి ఇప్పుడు చూపు దాదాపు లేదు. బావ ఫోటో ముందు డబ్బా పెట్టి, తడుముకుంటూ దానికి కుంకుమ బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంటుంది. పోయిన ఏడాది ఈసారి చెప్పేయాలని గట్టిగా అనుకుని వెళ్ళాను. కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా. అక్క డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి కదిపి, లోపల పెచ్చుల చప్పుడు విని అడిగింది.

"ఇందులో మీ బావ అన్నేళ్ళు నడిపిన పాతదానిది కూడా రవ్వంత ఉంటాది కదరా?"

"ఉంటాదక్కా," అన్నాను.

ఏదో దూరపు రేవులో, పేపర్లో రాసిన ఆ పాత ఓడ ఒంటి మీద పేరు చెరిపిన పెయింటరు ఒకడు ఉండే ఉంటాడు. ఆ రోజు అతను కూడా పొద్దున్నుంచీ నిలబడి నిలబడి అలిసిపోయే ఉంటాడు. అయినా రేపు చూద్దాంలే అనుకోకుండా, ఆ సాయంత్రమే నిచ్చెనెక్కి ఆ పనేదో ముగించుకుని ఇంటికెళ్ళి ఉంటాడని అనుకోవాలని ఉంది.